సవన్నాకు హనీగైడ్ పిట్ట కావాలి: మచ్చిక కాకుండానే తోడు వచ్చే పక్షి

అకేషియా_నీడ | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో నాకు బాగా ఇష్టమైన చోటు సవన్నా, అంటే అకేషియా చెట్లుండే గడ్డి మైదానం. అక్కడ ఇల్లు కట్టుకున్న ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది, ఆకాశం ఖాళీగా ఉందని. 2018లో బయోమ్ (గేమ్‌లోని ప్రాంత రకం) ఓటింగ్ పెట్టినప్పుడు సవన్నాకు నిప్పుకోళ్లు, చెదపురుగులు, బావోబాబ్ చెట్లు చూపించారు. గెలిచింది టైగా అనే చలి అడవి. దాని వల్ల నక్కలు, క్యాంప్‌ఫైర్ వచ్చాయి, సంతోషమే. తర్వాత 2024లో 1.20.5 వెర్షన్‌తో ఆర్మడిల్లో అనే జంతువు వచ్చింది. ఎగిరే పక్షి మాత్రం ఇంతవరకూ రాలేదు. చిలుకలేమో జంగిల్ (దట్టమైన అడవి) బయోమ్‌కే పరిమితం. అవి భుజం మీద కూర్చుంటాయి, పాట పెడితే ఆడతాయి, దగ్గర్లో ఉన్న శత్రువుల అరుపులు అనుకరిస్తాయి. అంతకుమించి మన పనిలో వాటికి భాగం లేదు.

నేను అడుగుతున్నది గ్రేటర్ హనీగైడ్. సహారాకు దక్షిణాన ఆఫ్రికా అంతటా ఉండే చిన్న పక్షి, దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుంది. శాస్త్రీయ నామం ఇండికేటర్ ఇండికేటర్. మనిషి దగ్గరికి తనంతట తానే వచ్చి అరుస్తుంది, చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ తేనెతుట్టె ఉన్న చోటికి తీసుకెళ్తుంది. మనిషి పొగపెట్టి తేనె తీసుకుంటాడు, మిగిలిన మైనం పిట్ట తింటుంది. మైనం అరిగించుకోగల పక్షులు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి.

ఇది కట్టుకథ కాదు. కెన్యాలో బోరాన్ ప్రజలతో కలిసి చేసిన పరిశోధన 1989లో సైన్స్ పత్రికలో వచ్చింది. కొత్త ప్రాంతంలో తుట్టె వెతకడానికి పిట్ట లేకుండా సగటున 8.9 గంటలు పడితే, పిట్ట చూపిస్తే 3.2 గంటలు పట్టింది.

గేమ్‌లో ఇప్పటికే దీనికి దగ్గరి ఏర్పాటు ఉంది. డాల్ఫిన్‌కు పచ్చి చేప పెడితే మునిగిన ఓడల వైపో, నిధి వైపో ఈదుకుంటూ దారి చూపిస్తుంది. దాన్ని మచ్చిక చేసుకోలేం, అయినా అందరికీ ఇష్టమే. నేల మీద కూడా అలాంటి బంధం ఒకటి ఉండాలని నా కోరిక. పిట్ట అడవిదిగానే ఉండాలి. తాడు కట్టడం, కూర్చోమనడం, భుజం మీద ఎక్కించుకోవడం ఏవీ వద్దు. మీరేమంటారు?

బెడ్‌రాక్_బాలు | శనివారం, ఉదయం 9:40

ఐడియా సూపర్ అన్నా. కానీ భుజం మీద కూర్చోకపోతే తోడు ఎలా అవుతుంది? నేను ఫోన్‌లో ఆడతా. చిన్న స్క్రీన్‌లో చెట్ల మధ్య ఎగిరే పిట్టను పట్టుకుని పోవడం కష్టం. గింజలు పెడితే మచ్చికయ్యేలా చేస్తే ఈజీ కదా.

రెడ్‌స్టోన్_రాజా | శనివారం, ఉదయం 10:05

పిట్ట నాకూ నచ్చింది, కానీ రెండు అడ్డంకులు కనిపిస్తున్నాయి.

ఒకటి, సవన్నాలో తేనెతుట్టెలే పుట్టవు. 1.15లో తేనెటీగలు వచ్చినప్పటి నుంచి మైదానాలు, పూల అడవి, మామూలు అడవి లాంటి చోట్లే వస్తున్నాయి. తర్వాత మీడో (కొండ పచ్చిక), మడ అడవి, చెర్రీ తోట చేరాయి. అకేషియా చెట్టుకు తుట్టె రాదు. మరి పిట్ట ఎక్కడికి తీసుకెళ్తుంది?

రెండు, దీని అవసరం ఎన్నాళ్లు? ఒక్క తుట్టె దొరికితే చాలు, సిల్క్ టచ్ (బ్లాకును చెడకుండా తీసే మంత్రం)తో ఈగలతో సహా ఇంటికి తెచ్చుకుంటాం. ఆరు చెక్క పలకలు, మూడు హనీకోంబ్‌లతో (తుట్టె నుంచి తీసే మైనం ముక్కలతో) కొత్త పెట్టె తయారవుతుంది. డిస్పెన్సర్ అనే యంత్రంలో కత్తెర పెట్టి, పెట్టె నిండిందో లేదో చూసే కంపారేటర్ తగిలిస్తే ఫార్మ్ దానంతటదే నడుస్తుంది. ఆ తర్వాత పిట్ట వంక చూసేవాళ్లెవరు?

అకేషియా_నీడ | శనివారం, ఉదయం 10:31

రాజా గారూ, మొదటిదానికి సమాధానం సూటిగా చెప్తాను. అకేషియాకు కూడా తుట్టెలు ఇవ్వాలి. పిట్టతో పాటే అదీ అడుగుతున్నాను.

రెండోదాని గురించి నా అభిప్రాయం వేరు. ఆట మొదట్లోనే ఎక్కువ సాయం చేసి, తర్వాత అవసరం తగ్గే జంతువు ఉండటంలో తప్పులేదు. పైగా తేనె అవసరం ఈమధ్య పెరిగింది. రాగి పచ్చబడకుండా మైనం పూయాలన్నా, కొవ్వొత్తులు చేయాలన్నా, రాసిన బోర్డు మళ్లీ మారకుండా ఉండాలన్నా హనీకోంబ్ కావాలి. 2025లో రాగి గోలెమ్, రాగి పెట్టెలు వచ్చాక రాగి కట్టడాలు కట్టేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు.

బాలూ, మచ్చిక చేసుకుంటే అది ఇంకో చిలుక అవుతుంది, అంతే. ఆఫ్రికాలో ఈ పిట్టను ఎవరూ పెంచరు, ఎవరూ నేర్పరు. దానికి ఇష్టమైతే వస్తుంది. మనం పిలవచ్చు, బలవంతం చేయలేం. ఆ తేడా పోతే నేను అడిగేదే పోయినట్టు.

అరూషా_తెలుగు | శనివారం, మధ్యాహ్నం 1:18

ఉద్యోగరీత్యా టాంజానియాలో ఉంటున్నాను. ఈ పిట్టను ఇక్కడ చూశాను కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

చూడ్డానికి ఆకర్షణీయంగా ఉండదు. బూడిద గోధుమ రంగు. మగదానికి గొంతు నల్లగా, ముక్కు గులాబీ రంగులో ఉంటుంది. ఎగిరేటప్పుడు తోక అంచుల్లో తెల్లటి ఈకలు మెరుస్తాయి, దూరం నుంచి గుర్తుపట్టేది వాటితోనే. బాలు గారి చిన్న స్క్రీన్ సమస్యకు కూడా ఆ తెలుపు పనికొస్తుంది. దారి చూపించేటప్పుడు మామూలు కూత వేరు, ఆ అరుపు వేరు. సగం ఖాళీ అయిన అగ్గిపెట్టెను గబగబా ఆడించినట్టు గలగలమంటుంది.

ఇక పిలుపుల సంగతి. ఉత్తర మొజాంబిక్‌లో నియాస్సా అభయారణ్యం దగ్గర యావో తేనె వేటగాళ్లు ‘బ్ర్‌ర్‌ర్’ అని గొంతు ఆడించి, చివర ‘హ్మ్’ అని ముగిస్తారు. 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ పిలుపు వినిపిస్తే పిట్ట దారి చూపే అవకాశం 33 శాతం నుంచి 66 శాతానికి పెరిగింది. మొత్తంగా తుట్టె దొరికే అవకాశం 16 నుంచి 54 శాతానికి చేరింది. మా టాంజానియాలో ఎయాసీ సరస్సు వైపు ఉండే హడ్జా వాళ్లు అలా పిలవరు, రాగంలా ఈల వేస్తారు. 2023లో రెండు చోట్లా రెండు పిలుపులూ వినిపించి చూశారు. ఏ ఊరి పిట్టలు ఆ ఊరి పిలుపుకే ఎక్కువగా స్పందించాయి, టాంజానియాలో మూడు రెట్లకు పైగా, మొజాంబిక్‌లో దాదాపు రెండు రెట్లు.

అంటే ఇక్కడి పిట్టలు ఇక్కడి మనుషుల పద్ధతిని నేర్చుకున్నాయన్నమాట. గేమ్‌లో ఏది వదిలేసినా ఇది మాత్రం వదలొద్దని నా మనవి.

పిక్సెల్_పద్మ | శనివారం, మధ్యాహ్నం 2:02

అరూషా గారూ, ఇది చదవగానే మేక కొమ్ము గుర్తొచ్చింది! 1.19లో వచ్చింది కదా. ఎనిమిది రకాల కొమ్ములు, ఒక్కోదానిది ఒక్కో శబ్దం. నాలుగు మామూలు మేకల నుంచి, నాలుగు అరిచే మేకల నుంచి వస్తాయి. ఊదితే చాలా దూరం వినిపిస్తుంది.

నా ఆలోచన ఇది. ఒక సవన్నాలో మొదట ఏ కొమ్ము ఊది పిట్ట వెంట వెళ్లి తేనె తీస్తామో, ఆ ప్రాంతపు పిట్టలు ఆ కొమ్మునే గుర్తుపెట్టుకుంటాయి. దూరంగా ఇంకో సవన్నాకు వెళ్తే అక్కడివి వేరే కొమ్ముకు అలవాటుపడి ఉండొచ్చు. సర్వర్‌లో అయితే ఒక్కో ఊరికి ఒక్కో పిలుపు ఏర్పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ‘ఇక్కడ ఏ కొమ్ము ఊదుతారు?’ అని పాతవాళ్లను అడిగి తెలుసుకోవాలి. కొత్త వస్తువు ఒక్కటి కూడా చేర్చక్కర్లేదు, పైగా కొమ్ము కోసం కొండలెక్కాలి కాబట్టి ప్రయాణం కూడా కుదురుతుంది.

రెడ్‌స్టోన్_రాజా | శనివారం, మధ్యాహ్నం 2:20

ఇది బాగుంది పద్మ గారూ. నా రెండో అభ్యంతరం సగం పోయింది. సర్వర్‌లో ఊరి పిలుపు అనేది ఫార్మ్ కట్టుకున్నాక కూడా పనికొచ్చే విషయం.

కోడ్_కిరణ్ | శనివారం, సాయంత్రం 5:47

జావా (కంప్యూటర్‌లో ఆడే వెర్షన్) వైపు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇక్కడే అసలు చిక్కు ఉంది.

డాల్ఫిన్ వెతికేది కట్టడాలను. మునిగిన ఓడ ఎక్కడ వస్తుందో సీడ్ (ప్రపంచాన్ని పుట్టించే సంఖ్య) నుంచే లెక్క కట్టొచ్చు, ఆ చంక్ (ప్రపంచంలో ఆ ముక్క) ఇంకా పుట్టకపోయినా సరే. తేనెతుట్టె అలా కాదు. చెట్టు మొలిచేటప్పుడు దానికి అలంకారంగా తగిలేది. చంక్ పుట్టేదాకా అది ఉందో లేదో ఎవరికీ తెలియదు. కాబట్టి పిట్ట ఇప్పటికే పుట్టిన చంకుల్లో ఉన్న తుట్టెలకే తీసుకెళ్లగలదు.

దానికి దారి ఉంది. తుట్టెలు, మనం చేసే పెట్టెలు రెండూ గేమ్‌లో పీఓఐలుగా, అంటే గుర్తుపెట్టుకునే స్థలాలుగా నమోదవుతాయి. తేనెటీగలు ఇల్లు వెతుక్కునేది ఆ జాబితాలోనే. పైగా సహజమైన తుట్టె, చేసిన పెట్టె ఆ జాబితాలో వేర్వేరు రకాలు. అంటే పిట్ట చెట్ల మీది తుట్టెలనే చూపించి, మన పెరట్లోని పెట్టెలను పట్టించుకోకుండా చేయడం చాలా తేలిక. రాజా గారి ఫార్మ్ చుట్టూ తిరుగుతూ అరవదు.

ఎగరడం కూడా కొత్తగా రాయక్కర్లేదు, తేనెటీగకు, చిలుకకు వాడిన పద్ధతే సరిపోతుంది. ఆటగాడు వెనకబడితే ఆగడం, మరీ వెనకబడితే వెనక్కి వచ్చి పిలవడం మాత్రం రాయాలి. నిజమైన పిట్ట కూడా అలాగే చేస్తుందట కదా?

అరూషా_తెలుగు | శనివారం, రాత్రి 7:30

అవును కిరణ్ గారూ. కొంచెం ముందుకెళ్లి కొమ్మ మీద కూర్చుని అరుస్తుంది, మనిషి దగ్గరికొచ్చాక మళ్లీ ఎగురుతుంది. తుట్టె దగ్గరికి వచ్చాక అరుపు మారుతుంది, పక్కన ఎక్కడో కూర్చుని ఎదురుచూస్తుంది. తుట్టె కచ్చితంగా ఏ తొర్రలో ఉందో వెతుక్కోవాల్సింది మనిషే. గేమ్‌లో కూడా ఆ చివరి పది పన్నెండు బ్లాకులు మనకే వదిలేస్తే బాగుంటుంది.

జుంటితేనె | శనివారం, రాత్రి 9:15

మాది నల్లమల వైపు. ఇక్కడ చెంచులు కొండచరియలకు పట్టే పెద్ద తేనె తీస్తారు. పచ్చి ఆకులతో పొగ పెట్టి, తాడు పట్టుకుని లోయలోకి దిగుతారు. పైన తాడు పట్టుకునే పని బావమరిదికే ఇస్తారని చెప్పుకుంటారు, అక్కాచెల్లెళ్ల పసుపు కుంకుమల మీద అతనికి ఉండే శ్రద్ధ వల్ల. ఇదంతా గేమ్‌లో క్యాంప్‌ఫైర్ పెట్టి కత్తెరతో తీసే పద్ధతికి చాలా దగ్గరగా అనిపిస్తుంది నాకు.

నా ప్రశ్న ఏంటంటే, ఈ పిట్ట మన దగ్గర లేదా? ఉంటే అడవి బయోమ్‌లో కూడా పెట్టమని అడగొచ్చు కదా.

అరూషా_తెలుగు | శనివారం, రాత్రి 9:48

నల్లమలలో లేదండీ. మన దేశంలో ఉన్నది వేరే జాతి, హిమాలయాల్లో ఉంటుంది, నడుము మీద పసుపు రంగు. అది కూడా కొండ తేనెపట్టుల దగ్గరే బతుకుతుంది, మైనమే తింటుంది. కానీ మనుషులకు దారి చూపించదు. మీరు రాసిన తాడు సంగతి చదివి చాలా సంతోషమేసింది. దాన్ని గేమ్‌లో చూపాలంటే కొండ బయోమ్‌కు వేరే ప్రతిపాదన కావాలి, పిట్టను మాత్రం ఆఫ్రికా సవన్నాకే ఉంచుదాం.

జుంటితేనె | శనివారం, రాత్రి 10:02

సరేనండీ. కొండ తేనె గురించి విడిగా రాస్తాను.

బెడ్‌రాక్_బాలు | ఆదివారం, ఉదయం 8:10

ఓకే, మచ్చిక వద్దు, ఒప్పుకున్నా. కానీ మైనం పెట్టకుండా వెళ్లిపోతే ఏమవుతుంది? తర్వాతి సారి పేలిపోయే క్రీపర్ల గుంపులోకి తీసుకెళ్తే మస్తుంటది! ఎక్కడో చదివా, మోసం చేస్తే పిట్ట సింహం దగ్గరికి తీసుకెళ్తుందని.

గోదారి_అమ్మ | ఆదివారం, ఉదయం 9:25

నా పిల్లలిద్దరూ ఈ గేమ్ ఆడతారు, వాళ్లతో పాటు నేనూ ఆడతాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

గేమ్‌లో చూసింది పిల్లలు నిజమనుకుంటారు. చిలుకల కథ గుర్తుందా? 1.12 తయారీలో ఉన్నప్పుడు కుకీలు పెట్టి చిలుకను మచ్చిక చేసుకునేలా పెట్టారు. చాక్లెట్ నిజమైన చిలుకలకు విషమని జనం చెప్పాక గింజలకు మార్చారు, ఇప్పుడు కుకీ పెడితే చిలుక చనిపోతుంది. కప్పలు మిణుగురులను తినే ఆలోచన కూడా అలాగే ఆగిపోయింది, కొన్ని మిణుగురులు కప్పలకు విషం కాబట్టి. ఇంత జాగ్రత్తపడే గేమ్‌లో పిట్ట పగబట్టి మనల్ని చంపిస్తుందని పెట్టడం నాకు నచ్చదు. పక్షి మీద భయం పుడుతుంది.

అరూషా_తెలుగు | ఆదివారం, ఉదయం 10:11

గోదారి అమ్మ గారి మాటే నాదీ. బాలు విన్న కథ ఇక్కడ చాలాచోట్ల చెప్తారు, సింహం దగ్గరికనీ, పాము దగ్గరికనీ. అది జానపద కథ. పిట్ట నిజంగా పగబట్టి అలా చేస్తుందనడానికి ఆధారం దొరకలేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మైనం వదలడం అన్నిచోట్లా ఆచారం కాదు. యావో వాళ్లు పిట్ట కోసం మైనం విడిచిపెడతారు. హడ్జా వాళ్లు చాలాసార్లు మిగిలినదాన్ని పాతిపెట్టడమో, కాల్చేయడమో చేస్తారు. పిట్ట ఆకలితో ఉంటే ఇంకో తుట్టెకు కూడా దారి చూపిస్తుందని. కాబట్టి మైనం పెట్టినవాడు మంచివాడు, పెట్టనివాడు చెడ్డవాడు అని గేమ్ తీర్పు చెప్పకూడదు.

అకేషియా_నీడ | ఆదివారం, ఉదయం 10:50

హడ్జా వాళ్ల పద్ధతి నాకు తెలియని విషయం, చాలా ఆలోచింపజేసింది. అయినా నా మనసు మైనం వదిలేవైపే ఉంది. పిట్ట తన వంతు తాను తినడం కళ్లారా చూస్తేనే అది తోడు అనిపిస్తుంది. ఆ దృశ్యం గేమ్‌లో తప్పకుండా ఉండాలి.

రెడ్‌స్టోన్_రాజా | ఆదివారం, ఉదయం 11:20

రెండూ కుదిరే దారి ఉంది. తుట్టె దగ్గర ఒక హనీకోంబ్ పడేస్తే పిట్ట దిగి తింటుంది. కడుపు నిండింది కాబట్టి ఆ రోజుకి ఇక దారి చూపించదు. కానీ ఆ ప్రాంతపు పిట్టలకు మీ కొమ్ము బలంగా గుర్తుంటుంది, మర్నాడు ఊదగానే వస్తుంది. ఏమీ పెట్టకపోతే వెంటనే ఇంకో తుట్టెకు తీసుకెళ్తుంది. అదే పనిగా ఆకలితో తిప్పితే మాత్రం ఆ చోటు వదిలి వెళ్లిపోతుంది. పగలేదు, శిక్ష లేదు. ఈరోజు ఎక్కువ తేనె కావాలా, రేపటికి పిట్ట కావాలా అన్నది మన నిర్ణయం.

ఇంకోటి, చుట్టుపక్కల తుట్టెలన్నీ సిల్క్ టచ్‌తో ఎత్తుకుపోతే పిట్ట కూడా అక్కడ ఉండకూడదు. తిండి లేనిచోట ఎందుకుంటుంది?

గోదారి_అమ్మ | ఆదివారం, ఉదయం 11:34

దీనికి నా పూర్తి మద్దతు రాజా గారూ. పిల్లలకు చెప్పడానికి కూడా బాగుంటుంది.

మరి పిల్ల పిట్టలు? ఏం తినిపిస్తే గుడ్లు పెడుతుంది?

పిక్సెల్_పద్మ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

అమ్మగారూ, అది వదిలేయడమే మేలు. ఈ పిట్ట గూడు కట్టుకోదు. వేరే పక్షుల గూళ్లలో, ముఖ్యంగా తేనెటీగలను తినే బీ ఈటర్ల బొరియల్లో గుడ్డు పెట్టి పోతుంది. పుట్టిన పిల్లకు ముక్కు చివర కొక్కేలుంటాయి, వాటితో ఆ గూటి పిల్లలను చంపేస్తుంది. ప్రకృతిలో అది మామూలే, కానీ జంటను పెంచి పిల్లను ముద్దు చేసే పద్ధతి ఈ పక్షికి అసలు నప్పదు. గబ్బిలాల్లాగా ప్రపంచంలో సహజంగా పుట్టడమే సరిపోతుంది.

బ్లాక్‌బెంచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పిట్ట మోడల్ మొదలుపెట్టాను. చిలుక కంటే కాస్త చిన్నది, తోక అంచులు పూర్తి తెలుపు. మగదానికి గులాబీ ముక్కు, ఆడదానికి ముదురు ముక్కు, రెండు రకాల టెక్స్చర్లు చేస్తాను.

బెడ్‌రాక్_బాలు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

అక్కా, ఫోన్‌లో ఆడే మా బెడ్‌రాక్ వెర్షన్‌కు కూడా చేయండి ప్లీజ్. జావా మోడ్‌లు (ఆటగాళ్లు గేమ్‌కు చేసే మార్పులు) ఫోన్‌లో రావు.

కోడ్_కిరణ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

బాలూ, బెడ్‌రాక్‌లో యాడ్‌ఆన్‌తో కొత్త జీవిని చేర్చడం నిజానికి తేలికే. చిక్కల్లా తుట్టె ఎక్కడుందో పిట్టకు తెలియడం. జావాలో నేను చెప్పిన ఆ జాబితా యాడ్‌ఆన్‌కు అందదు. చుట్టూ ఉన్న బ్లాకులన్నీ ఒక్కొక్కటే వెతికితే ఫోన్ వేడెక్కుతుంది.

దానికి ఒక ఉపాయం తట్టింది. స్క్రిప్ట్‌తో దగ్గర్లో ఉన్న తేనెటీగలను వెతకొచ్చు, అది తేలికైన పని. ఈగ ఎక్కడుందో అటు పిట్ట ఎగురుతుంది, పూల నుంచి గూటికి వెళ్లే ఈగను అనుసరిస్తుంది. ఈగ మాయమైన చోటే తుట్టె. రాత్రిపూట, వాన పడేటప్పుడు ఈగలు బయటకు రావు కాబట్టి పిట్ట కూడా అప్పుడు పని చేయదు. ఇది లోపం కాదు, నిజానికి దగ్గరగానే ఉంది.

అకేషియా_నీడ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

కిరణ్ గారూ, ఇది జావాలో కూడా పెడదాం. వాన వస్తుంటే పిట్ట కొమ్మ మీద ఆగిపోవాలి, మనమూ ఆగాలి.

మాబ్ ఓటింగ్ (కొత్త జీవిని ఎంచుకునే ఓటింగ్) 2024లో ఆపేశారు కాబట్టి ఇప్పుడు మన దగ్గరున్న దారి అధికారిక ఫీడ్‌బ్యాక్ సైట్. అక్కడ ప్రతిపాదన క్లుప్తంగా ఉండాలి. నేను రాయబోయేవి ఇవే: అకేషియాకు తుట్టెలు, మచ్చిక కాని పిట్ట, మేక కొమ్ముతో పిలుపు, ప్రాంతానికో పిలుపు, హనీకోంబ్ పెడితే నిండే కడుపు. ఇంకేమైనా ఉందా?

అరూషా_తెలుగు | ఆదివారం, సాయంత్రం 6:02

ఒక్క మాట చేర్చండి. పిట్టలు చాలా దేశాల్లో ఉన్నాయి, కానీ దారి చూపించడం చాలాచోట్ల ఆగిపోతోంది. చక్కెర కొనుక్కుంటున్నారు, పెట్టెల్లో ఈగలు పెంచుతున్నారు, కొన్ని అభయారణ్యాల్లో తేనె తీయడమే నిషేధం. పిలిచే మనిషి లేకపోతే పిట్టలకు ఆ అలవాటు పోతుంది. జాతి అంతరించే ప్రమాదంలో లేదు, మనిషికీ దానికీ ఉన్న సంబంధమే ప్రమాదంలో ఉంది. డెవలపర్లకు ఇది తెలిస్తే ఈ పిట్టనే ఎందుకు అడుగుతున్నామో అర్థమవుతుంది.

అకేషియా_నీడ | ఆదివారం, సాయంత్రం 6:20

దాన్నే మొదటి పేరాగా పెడతాను. చాలా థాంక్స్ అండీ.

కోడ్_కిరణ్ | ఆదివారం, రాత్రి 8:44

మొదటి భాగం సిద్ధమైంది. అకేషియా తుట్టెలకు మోడ్ అక్కర్లేదు, జావాలో డేటాప్యాక్ (గేమ్ నియమాలు మార్చే ఫైళ్లు) చాలు. చెట్టు ఫైల్‌లో తుట్టె అలంకారం చేర్చి, అవకాశం 0.02 అని పెట్టాను. మైదానాల్లో 0.05 ఉంటుంది, సవన్నాలో చెట్లు ఎక్కువ కాబట్టి తగ్గించాను. పాత ప్రపంచంలో వేస్తే కొత్తగా పుట్టే చంకుల్లోనే తుట్టెలు కనిపిస్తాయి, కాబట్టి ఇంటికి దూరంగా నడవండి. సవన్నాలో పూలు తక్కువ, ఈగలు తిండి లేక తిరుగుతున్నాయేమో చూసి చెప్పండి. అలా అయితే పూలు కూడా పెంచాలి.

పిక్సెల్_పద్మ | ఆదివారం, రాత్రి 9:10

దింపుకున్నాను. ఎగిరే యానిమేషన్ బుధవారానికల్లా ఇస్తాను కిరణ్ గారూ. బాలూ, బెడ్‌రాక్ ఫైల్ పెట్టగానే నీ ఫోన్‌లో తెల్ల తోక ఎంత దూరం వరకు కనిపిస్తుందో స్క్రీన్‌షాట్ పెట్టు. కనిపించకపోతే ఈకల వెడల్పు ఇంకో పిక్సెల్ పెంచుతాను.

బెడ్‌రాక్_బాలు | ఆదివారం, రాత్రి 9:13

పక్కా పెడతా అక్కా. పగలొకటి, సాయంత్రం వెలుతురులో ఒకటి, రెండూ పంపిస్తా.